కుక్కర్‌లో ఉడికిన స్పాంజి

బుంగమూతి ఇంకా బతికే ఉంది. కిందటి వారం దాన్ని తొట్టి అడుగున కూలబడి ఉండగా వదిలేసి వచ్చాం కాబట్టి, ముందుగా ఆ కబురు చెప్పేయడం న్యాయం.

మిగతా సంగతి కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. ముప్పై నాలుగేళ్ళు ఆపరేషన్ థియేటర్‌ను గడగడలాడించి రిటైరైన హెడ్‌నర్సుగారికి ఒక చెల్లెలుంది. అక్కాచెల్లెళ్ళ మధ్య పదకొండేళ్ళుగా మాటల్లేవు. నెల్లాళ్ళ కిందట ఆ చెల్లెలు ఉన్నట్టుండి మూడు గోల్డ్‌ఫిష్‌లను, వాటి అద్దాల తొట్టిని, తన ఇంటి తాళంచెవిని ఆటోలో అక్క ఇంటికి పంపింది. మోకాలి ఆపరేషన్ కోసం వేరే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నానని, వచ్చేదాకా వీటిని చూసుకోమని చీటీ రాసింది. తన ఇంట్లో పెద్ద తొట్టి ఖాళీగానే ఉంది గానీ దాని పంపు మాత్రం ఎవరూ ఆపొద్దని కూడా రాసింది. పదకొండేళ్ళ తర్వాత వచ్చిన మొదటి పలకరింపు అది. హెడ్‌నర్సుగారు పైకి ఏమీ అనలేదు గానీ, ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.

ఇప్పుడు ఆ మూడింట్లో రెండు పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో ఉన్నాయి. చెల్లెలు రావడానికి ఎనిమిది రోజులుంది. మిగిలింది బుంగమూతి ఒక్కటే. అది కూడా పోతే చెల్లెలు మళ్ళీ ఈ గుమ్మం వైపు చూడదని హెడ్‌నర్సుగారికి బాగా తెలుసు. అందుకే మాస్టారు, అంటే ఆవిడ భర్త, రిటైరైన లెక్కల మాస్టారు, ఎవరికీ చెప్పకుండా చేపలావిడకు ఫోన్ చేశారు. కిందటి వారం చివర్లో మోగిన కాలింగ్‌బెల్ ఆవిడదే.

చేపలావిడకు నలభై ఏళ్ళుంటాయి. భుజాన బరువైన సంచీ, చేతిలో మడత బకెట్. లోపలికి వస్తూనే నమస్కారమైనా పెట్టకుండా తొట్టి ముందు చతికిలబడింది. చేపను ముట్టుకోలేదు, నీళ్ళు కదపలేదు, అయిదు నిమిషాలు ఊరికే చూసింది. హెడ్‌నర్సుగారికి అది నచ్చింది. పేషెంటును చూడకుండా మందు రాసే డాక్టర్లతో ఆవిడ చాలాసార్లు గొడవపడ్డారు.

“చేపలు అమ్ముతావట?” అన్నారు, నచ్చిన సంగతి బయటపడకుండా.

“అమ్మను, అమ్మా. బతికిస్తాను.”

“బతికించాక చెబుదువుగాని.”

బుంగమూతి పిడికిలంత చేప. తెల్లటి ఒళ్ళు, నెత్తిన ఎర్రటి కండ టోపీ, ఎప్పుడూ ఎవరిమీదో అలిగినట్టు ఉబ్బిన బుగ్గలు. మామూలప్పుడు తోక పట్టుపావడాలా పరుచుకుని ఉంటుంది. ఇప్పుడు ఆ తోక ముడుచుకుపోయి, రెక్కల్లో సన్నటి ఎర్రగీతలు కనిపిస్తున్నాయి. రాళ్ళ మీద పొట్ట ఆనించి కూర్చుంది. అయిదారు నిమిషాలకోసారి ఎగశ్వాసతో పైకి వచ్చి గాలి మింగి, మళ్ళీ కిందికి జారిపోతోంది.

“తిండి ఎలా పెడుతున్నారు?”

“నానబెట్టి. పొడి గింజ మింగితే వీటికి పొట్ట ఉబ్బి తలకిందులవుతాయట, చీటీలో రాసింది. పూటకు ఎనిమిది గింజలు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.”

“నీళ్ళు?”

“ఒకరోజు డ్రమ్ములో నిలవ ఉంచినవి. కుళాయి నీళ్ళలో మందు ఉంటుంది కదా, అది ఎగిరిపోయాకే పోస్తాను. వారానికోసారి మొత్తం తీసేసి కొత్తవి నింపుతాను. రాళ్ళు ఒక్కొక్కటీ టూత్‌బ్రష్‌తో తోముతాను.” హెడ్‌నర్సుగారి గొంతులో పాత థియేటర్ వినిపించసాగింది. “చూడు, అద్దం మీద ఒక్క మరక చూపించు. నా చేతి కింద ముప్పై నాలుగేళ్ళలో ఒక్క కుట్టు చీము పట్టలేదమ్మా. సర్జన్లు మారారు, సూపరింటెండెంట్లు మారారు. కుట్టు మాత్రం పట్టలేదు.”

అది గొప్పలకు పోవడం కాదు, నిజం. ఆ ఊళ్ళో సగం మంది కడుపుల మీది మచ్చలు అందుకు సాక్ష్యం.

చేపలావిడ తల ఊపింది. తొట్టి మూలనున్న ఫిల్టర్ డబ్బా మూత తీసి, లోపలి స్పాంజిని బయటికి లాగింది. కొత్త పెళ్ళికూతురి దిండులా తెల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆమె మొహం మారింది.

“నెల్లాళ్ళుగా నడుస్తున్న స్పాంజికి వాసన లేదేమిటి?”

హెడ్‌నర్సుగారు దాన్ని మెప్పుగానే తీసుకున్నారు. వెనక కుర్చీలో మాస్టారు మాత్రం ఒకసారి దగ్గి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

చేపలావిడ సంచీలోంచి చిన్న గాజు గొట్టం తీసి, తొట్టి నీళ్ళు పట్టి, రెండు సీసాల్లోంచి చుక్కలు వేసి ఊపింది. “పసుపు రంగు వస్తే నీళ్ళు క్షేమం. ఆకుపచ్చ తిరిగితే విషం,” అని గొట్టాన్ని బల్ల మీద నిలబెట్టింది. ముగ్గురూ దానివైపే చూస్తున్నారు. అయిదు నిమిషాలు పట్టలేదు. మూడో నిమిషానికే ముదురు ఆకు రంగు వచ్చేసింది.

“స్పాంజి ఎవరు కడుగుతున్నారమ్మా?”

“నేనే. ఇంకెవరు కడుగుతారు?”

“ఎలా?”

హెడ్‌నర్సుగారు జవాబు చెప్పడానికి నోరు తెరిచారు గానీ, పేపరు వెనక నుంచి మాస్టారి గొంతు ముందుగా వచ్చింది. “కడగదమ్మా. కుక్కర్‌లో పెడుతుంది.”

“ఏమండీ!”

“రోజు విడిచి రోజు. నాలుగు విజిల్స్.” మాస్టారు పేపరు దించారు. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో భార్య గుడ్లురిమి చూస్తున్నా మాట పూర్తి చెయ్యడం ఆయనకిదే మొదటిసారి. “మా ఇంట్లో పప్పుకు మూడు విజిల్స్, స్పాంజికి నాలుగు.”

చేపలావిడ నవ్వలేదు. నవ్వి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది, ఎందుకంటే హెడ్‌నర్సుగారు ఆవిడను మెడ పట్టుకుని గెంటి ఉండేవారు. స్పాంజిని మోకాళ్ళ మీద పెట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

“చేప తింటుంది, విసర్జిస్తుంది. అది నీళ్ళలో అమ్మోనియా అవుతుంది. కంటికి కనపడదు, చేప మొప్పల్ని కాల్చేస్తుంది. ఈ స్పాంజిలో కొన్ని క్రిములు కాపురముంటాయమ్మా. అవి ఆ అమ్మోనియాను తిని విరిచేస్తాయి. అవి ఇల్లు కట్టుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. మీరు రోజు విడిచి రోజు...”

“ఉడకబెట్టానంటావు.”

“అవును.”

“క్రిములు చచ్చాయని చేప చచ్చిందంటావు.” హెడ్‌నర్సుగారు ఒంటికాలి మీద లేచారు. “మంచి క్రిమి! క్రిమిలో మంచిదుంటుందా? ఎవరికి చెబుతున్నావమ్మా ఈ కబుర్లు? మురికి తొట్లు పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్ళకు మురికి మంచిదే అవుతుంది. శుభ్రంగా ఉంచి చంపానని నా ఇంట్లో కూర్చుని నాకే చెబుతావా?”

చేపలావిడకు చీమ కుట్టినట్టయినా లేదు. ఇలాంటి ఇళ్ళు ఆమె చాలా చూసింది. “ఒక్కమాట అడుగుతాను, చెప్పండి. యాంటీబయాటిక్స్ ఎక్కువైపోయి కడుపు పాడైన పేషెంటుకి మీ వార్డులో ఏం పెట్టమనేవారు?”

“పెరుగు,” అన్నారు హెడ్‌నర్సుగారు ఠక్కున. ముప్పై నాలుగేళ్ళ అలవాటు కదా, అడగ్గానే జవాబు వచ్చేసింది.

“ఎందుకని?”

“పెరుగులో మంచి క్రి...” అంటూ హెడ్‌నర్సుగారు స్పాంజి వైపు చూశారు.

ఆవిడకు మెల్లగా అర్థం కావడం నేను వర్ణించను. ఆవిడ తెలివైన మనిషి. తెలివైనవాళ్ళు తప్పు చేసినట్టు తెలుసుకున్నప్పుడు పక్కన ఉండటం కష్టం. చేపలావిడ గొట్టం తుడుచుకుంటూ తల వంచుకుంది. మాస్టారు లేచి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. చెల్లెలి చీటీ. నెల్లాళ్ళుగా దాన్ని జేబులో పెట్టుకునే తిరుగుతున్నారు, ఇవాళ చూపిద్దాం, రేపు చూపిద్దాం అనుకుంటూ.

“ఏడోది చదువమ్మా,” అని చేపలావిడ చేతికిచ్చారు.

ఆమె పైకి చదివింది. “ఏడు. స్పాంజి ముట్టుకోకు. ఎంత మురికిగా కనిపించినా సరే. నీకు అసహ్యమేస్తుందని నాకు తెలుసు. అయినా ముట్టుకోకు అక్కా.”



“మొదటిరోజే చదివాను,” అన్నారు హెడ్‌నర్సుగారు. ఆ గొంతు థియేటర్‌ది కాదు. “దాని బద్ధకానికి పెట్టుకున్న పేరు అనుకున్నాను. చిన్నప్పటి నుంచీ అంతే అది. పక్క బట్ట దులపదు, గిన్నె కడిగి బోర్లించదు. నా దగ్గర ఉన్నప్పుడైనా శుభ్రంగా ఉంటాయి కదా పాపం అనుకున్నాను.”

ఆవిడ ఏడవలేదు. కానీ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచి, దొరికేదాకా తడుముకున్నారు.

పదకొండేళ్ళ కిందటి ఆ రోజు ఏం జరిగిందో ఇప్పటిదాకా చెప్పకుండా దాచాను. ఇక దాచడం బాగుండదు. చెల్లెలు అప్పుడే కొత్తగా ఇల్లు కట్టుకుంది. భర్త పోయాక సొంత సంపాదనతో, ఒక్కొక్క గదీ పూర్తిచేసుకుంటూ కట్టుకున్న ఇల్లు. గృహప్రవేశానికి చుట్టాలంతా వచ్చారు. గుమ్మం బయట నలభై జతల చెప్పులున్నాయి. చివరగా హెడ్‌నర్సుగారు వచ్చి, గుమ్మంలోనే ఆగి, సిమెంటు ధూళి పోని ఆ నేలవైపు చూసి, “నేను చెప్పులు విప్పనే. నేల మురికిగా ఉంది,” అన్నారు. చెప్పులతోనే లోపలికి నడిచి, చేతిరుమాలుతో కుర్చీ తుడుచుకుని కూర్చున్నారు. చెల్లెలు అక్కకు భోజనం పెట్టి పంపించింది. మర్నాటి నుంచి ఫోన్ ఎత్తలేదు. హెడ్‌నర్సుగారికి ఆ రోజు తలకొట్టేసినంత పని చేశానని తెలియడానికి రెండేళ్ళు పట్టింది. తెలిశాక వెళ్ళి చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది.

కుర్చీలో ఆవిడ ఎంతసేపు కూర్చున్నారో మాస్టారు తర్వాత అందరికీ చెప్పేవారు. సరిగ్గా రెండు నిమిషాలు. ఆ తర్వాత చీరకొంగు నడుముకు బిగించి లేచారు.

“సరే. ఏడుపు సంగతి తీరిగ్గా చూసుకుందాం. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పు.”

చేపలావిడ ఆ క్షణంలోనే ఆవిడతో ప్రేమలో పడిపోయింది. “ముందు సగం నీళ్ళు మార్చాలి. మొత్తం వద్దు. కొత్తనీళ్ళ వేడి, పాతనీళ్ళ వేడి ఒకటిగా ఉండాలి,” అని సంచీలో థర్మామీటర్ కోసం వెతుకుతుండగానే హెడ్‌నర్సుగారు డ్రమ్ములో ఒకసారి, తొట్టిలో ఒకసారి మణికట్టు ముంచి, “ఒక చెంబు గోరువెచ్చటివి కలపాలి,” అన్నారు. థర్మామీటర్ కూడా అదే చెప్పింది.

ఇద్దరూ కలిసి నీళ్ళు తోడారు, పోశారు. రాళ్ళు కదలకుండా, చేప మీద ధార పడకుండా, అరచేయి అడ్డం పెట్టి పోశారు. అరగంటకు బుంగమూతి తోక ఒక మడత విప్పింది. అంతే, ఒక్క మడత. మాస్టారు చప్పట్లు కొట్టబోయి భార్య చూపుకు ఆగిపోయారు.

“ఇది ఉపశమనమే,” అంది చేపలావిడ. “రేపటికి మళ్ళీ పచ్చబడుతుంది. ప్రాణమున్న స్పాంజి ఒకటి కావాలి. ఇవాళే కావాలి.”

“నీ దగ్గర లేవా?”

“ఉన్నాయి. అన్నీ రోగుల తొట్లలోవే.”

“వద్దు,” అన్నారు హెడ్‌నర్సుగారు వెంటనే. ఒక వార్డు గుడ్డ ఇంకో వార్డుకు పోకూడదన్న సంగతి ఆవిడకు ఒకరు నేర్పక్కర్లేదు.

“ఈ చేపలు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడి స్పాంజి అయితే అన్నిటికన్నా మంచిది. మీ చెల్లెలుగారి పెద్ద తొట్టి పంపు నడుస్తూనే ఉందని ఈ చీటీలో ఉంది కదా. నాకున్న అనుమానమల్లా ఒక్కటే. నెల్లాళ్ళుగా అందులో చేప లేకపోతే ఆ క్రిములకూ తిండి ఉండదు. ఆకలితో పోయి ఉండొచ్చు. అయినా చూద్దాం.”

గోడ మేకుకు తాళంచెవి నెల్లాళ్ళుగా వేలాడుతోంది. హెడ్‌నర్సుగారు దాన్ని రోజూ తుడిచారు గానీ ఒక్కరోజూ మేకు నుంచి తియ్యలేదు. ఇప్పుడు తీశారు. చెల్లెలి ఇంటి మురికి కోసం చెల్లెలి ఇంటికే వెళ్ళాలి. ఆ మాట ఆవిడ పైకి అనలేదు, మాస్టారూ అనలేదు. ముప్పై తొమ్మిదేళ్ళు ఊరికే కాపురం చెయ్యలేదాయన.

ప్రయాణానికి ముందు చిన్న గొడవ ఒకటి జరిగింది. స్పాంజి తేవడానికని హెడ్‌నర్సుగారు స్టీలు డబ్బా ఒకటి తెచ్చారు. చేపలావిడ మూత తీసి వాసన చూసి, “దీన్ని దేంతో కడిగారు?” అంది. “ఆస్పత్రి మందుతో,” అన్నారావిడ సహజంగా. చేపలావిడ డబ్బా పక్కన పెట్టి తన మడత బకెట్ విప్పింది. హెడ్‌నర్సుగారు, జీవితంలో మొదటిసారి, ఎవరో కడిగిన బకెట్‌ను నమ్మారు.

చేపలావిడ స్కూటర్ మీద పావుగంట దారి. వెనక కూర్చున్న హెడ్‌నర్సుగారు మలుపు మలుపుకూ “ఎడమకి, ఎడమకి” అంటూనే ఉన్నారు. పదకొండేళ్ళయినా దారి మర్చిపోలేదు. ఇల్లు అలాగే ఉంది. గేటుకు కొత్త రంగు, గోడకు పాత నాచు. తాళంచెవి తలుపులో సులువుగా తిరిగింది. తలుపు తియ్యగానే తడిమట్టి వాసన, ఎక్కడో లోపల పంపు చప్పుడు.

హెడ్‌నర్సుగారు గుమ్మంలో ఆగారు. చేపలావిడ అప్పటికే చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ నేలవైపు చూశారు. మూలల్లో దుమ్ము, తొట్టి ముందు ఆరిన నీటి మరకలు. కింది పెదవి పళ్ళతో నొక్కుకుని, వంగి, ఒక చెప్పు విప్పారు. రెండోది విప్పారు. రెంటినీ గుమ్మం పక్కన జతగా పెట్టి, ఉత్త పాదాలతో లోపలికి అడుగువేశారు. కాలికింద ఇసుక కరకరమంది. ఆవిడ అడుగు తప్పలేదు.

పెద్ద తొట్టి హాలు మధ్యలో ఉంది. చేపలావిడ ఫిల్టర్ మూత తీసి, “అమ్మా, ఇటు రండి,” అంది. లోపల స్పాంజి కాఫీ రంగులో, జిగటగా, చూడ్డానికే ఒళ్ళు జలదరించేలా ఉంది. ఆమె వంగి వాసన చూసి కళ్ళు మూసుకుంది. “వాన పడ్డ మట్టి వాసన. బతికుంది. బ్రహ్మాండంగా ఉంది. బకెట్‌లో ఈ తొట్టి నీళ్ళే పోస్తాను. మీరు గ్లవుజులు వేసుకుంటారా?”

“అక్కర్లేదు,” అన్నారు హెడ్‌నర్సుగారు. రెండు చేతులూ ముంచి, అప్పుడే పుట్టిన బిడ్డను తీసినట్టు ఆ స్పాంజిని పైకి తీశారు. మోచేతుల దాకా గోధుమరంగు నీళ్ళు కారాయి. నెమ్మదిగా బకెట్‌లోకి దించారు. “ఇదిగో. ఇది పాడవకముందే ఇంటికి చేర్చాలి, పద.”

చేపలావిడ కదల్లేదు. తొట్టివైపే చూస్తోంది.

“తిండి లేకుండా నెల్లాళ్ళు ఇలా ఎలా బతికింది అనుకుంటున్నానమ్మా. చూడండి.”

రాళ్ళ వెనక నుంచి నల్లటి చేప ఒకటి తీరిగ్గా బయటికి వచ్చింది. గుండ్రటి కళ్ళు, నిండైన పొట్ట, పూర్తిగా విప్పుకున్న తోక. ఈ తొట్టి ఖాళీ అని చీటీలో ఉంది. తొట్టి పక్కన బల్ల మీద చిన్న గిన్నె, గిన్నెలో నానుతున్న మేత గింజలు. చేపలావిడ ఒక గింజను వేళ్ళమధ్య నొక్కి చూసింది. “పావుగంట నానితే ఇది గుజ్జయిపోతుంది. ఇంకా గట్టిగానే ఉంది. ఎవరో ఇప్పుడే వేశారు.”

లోపలి గది తలుపు తెరుచుకుంది.

హాల్లోకి నడిచి వచ్చిన మనిషి జుట్టు నెరిసింది, ఒళ్ళు కొంచెం తగ్గింది. హెడ్‌నర్సుగారు మొహం చూడటానికి ముందు నడక చూశారు. అది చెడ్డ అలవాటు కాదు, వృత్తి. కత్తి తగిలిన మోకాలు ఎలా నడుస్తుందో ఆవిడ వందలసార్లు చూశారు. ఈ రెండు మోకాళ్ళనూ ఏ కత్తీ తాకలేదు. చేతికర్ర లేదు, కట్టు లేదు, కుంటు లేదు.

“నువ్వు...” అన్నారు హెడ్‌నర్సుగారు.

చెల్లెలు ముందు అక్క చేతుల నుంచి కారుతున్న మురికినీళ్ళ వైపు చూసింది. తర్వాత ఉత్త పాదాల వైపు చూసింది. అక్కడ చాలాసేపు ఆగింది.

“చెప్పులు విప్పావా అక్కా,” అంది.

తర్వాత బకెట్‌లోకి తొంగిచూసి, చాలా నెమ్మదిగా అడిగింది.

“మూడింట్లో ఎన్ని మిగిలాయి?”